ఆరు పేర్ల కంటే ముందు

నర్సరీ తరగతి గోడ మీద ఋతువుల చార్టు ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. అందులో నాలుగు గళ్లు. ఒక గడిలో పూలు, ఒక గడిలో సముద్రపు ఒడ్డు, మూడో దానిలో ఎర్రటి ఆకులు రాలుస్తున్న చెట్టు, చివరి గడిలో క్యారెట్ ముక్కు పెట్టుకున్న మంచు మనిషి. అనంతపురంలోనో ఖమ్మంలోనో చదివే నాలుగేళ్ల పిల్ల ఆ మంచు మనిషికి రంగు వేయాలి. తెల్ల కాగితం మీద తెల్లబొమ్మకు ఏం రంగు వేయాలో తోచక నీలం వేస్తుంది. అదే పిల్ల రెండు మూడేళ్ల తర్వాత చైత్ర వైశాఖాలు వసంత ఋతువని, జ్యేష్ఠ ఆషాఢాలు గ్రీష్మమని గడగడా అప్పజెబుతుంది. వైశాఖంలో ఇంటికొస్తే అమ్మ మాత్రం ‘ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం బయటికి పోకు’ అంటుంది. వాతావరణ శాఖ లెక్కలో అవే రోజులకు ఋతుపవనాలకు ముందటి కాలమని ఇంకో పేరు. పిల్లలు దీని మీద పేచీ పెట్టరు. పరీక్షకు ఒక జవాబు, ఇంట్లోకి ఒక జవాబు అని సర్దేసుకుంటారు. అక్కడితో ఋతువు అనేది కళ్లతో చూసేది కాదని, పుస్తకంలో ఉండేదని వాళ్లకు ఖాయమైపోతుంది.

చిన్నపిల్లలకు ఋతువులు నేర్పడమంటే ముందు వాళ్లున్న చోట ఏం మారుతోందో గమనించడం అలవాటు చేయడం. పేర్లు ఆ తర్వాత వస్తాయి. ఎందుకు మారుతోందన్న కారణం అన్నిటికంటే ఆఖరు. మన బళ్లలో, మన ఇళ్లలో ఈ వరస తిరగబడింది. మొదటి రోజే పేర్లు, రెండో రోజు భూమి సూర్యుడి చుట్టూ తిరిగే బొమ్మ. బయటికి వెళ్లి చూడటానికి మూడో రోజు రానే రాదు.

పిల్లల సంగతికి వచ్చేముందు పెద్దవాళ్లం మనం ఈ లెక్కల్ని ఒకసారి విడదీసుకోవాలి. వాడుకలో ఉన్నవి మూడు కాలాలు: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. ఒంటికి తెలిసేవి ఇవే. పంచాంగంలో రెండేసి చాంద్రమాన మాసాలకు ఒకటి చొప్పున ఆరు ఋతువులు: వసంతం, గ్రీష్మం, వర్షం, శరత్తు, హేమంతం, శిశిరం. భారత వాతావరణ శాఖ ఏడాదిని నాలుగు ముక్కలు చేసింది. జనవరి, ఫిబ్రవరి చలికాలం. మార్చి నుంచి మే దాకా వేసవి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాటి తర్వాతి కాలం. ఇవిగాక రైతుల కార్తెలున్నాయి, ఏడాదికి 27, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులు. చార్టులో కనిపించే నాలుగు గళ్లు ఐరోపా, ఉత్తర అమెరికాల వాతావరణానికి పుట్టినవి. అక్కడ అవి నిజమే. తప్పంతా వాటిని తెచ్చి మన గోడకు మేకు కొట్టడంలో ఉంది.

ఈ లెక్కలన్నీ దేని పనికి అవి సరైనవే. కానీ ఐదేళ్ల లోపు పిల్లలకు మూడు కాలాలు చాలు, నిజానికి వాళ్లకు పట్టేవి కూడా అవే. ఆ వయసులో ‘వచ్చే నెల’ అన్నదే పొగమంచులాంటి మాట. నిన్న, రేపు అన్న మాటల్నే తారుమారు చేసే వయసు. పన్నెండు నెలల వరస తడుముకోకుండా చెప్పడం ఏడెనిమిదేళ్లకు కుదురుతుంది. చైత్రం, వైశాఖం అని పన్నెండు కొత్త పేర్లు, వాటి మీద ఆరు ఋతువుల పేర్లు ముందే మోపితే వాళ్లకు వచ్చేది పాట, అంతే. పాటగా నేర్పినా నష్టమేమీ లేదు, పిల్లలకు నోరు తిరగడానికి మంచిదే. అది వచ్చేస్తే ఋతువులు వచ్చేశాయని మనం అనుకోవడమే చిక్కు.

మూడు నాలుగేళ్ల వాళ్లకు ఋతువు ఇంట్లోనే దొరుకుతుంది. కొబ్బరినూనె సీసా చూడండి. నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అక్టోబరులో ద్రవంగా ఉన్నది డిసెంబరు ఉదయానికి తెల్లగా పేరుకుంటుంది, సంక్రాంతి దాటి కొన్నాళ్లకు మళ్లీ కరుగుతుంది. ఇంతకంటే చవకైన ఉష్ణమాపకం పిల్లలకు దొరకదు. సీసాను ఎండలో పెడితే ఎంతసేపటికి కరిగిందో వాళ్లే కాపలా కాసి చెబుతారు. పాలు తోడు పెట్టేటప్పుడు పక్కన నిలబెట్టుకోండి. వేసవిలో నాలుగైదు గంటల్లో తోడుకుని, ఆలస్యమైతే పులిసిపోయే పాలు చలికాలంలో తెల్లారినా పలచగానే ఉంటాయి. అందుకే అమ్మమ్మ గిన్నె చుట్టూ గుడ్డ చుడుతుంది, తోడు కాస్త ఎక్కువ వేస్తుంది. వానాకాలంలో ఉప్పు చెమరుస్తుంది, డబ్బా మూత సరిగా పెట్టకపోతే అప్పడాలు మెత్తబడతాయి, చెక్క తలుపు ఉబ్బి చట్రంలో బిగుసుకుంటుంది. ఉతికిన బట్టలు ఏప్రిల్‌లో గంటలో ఆరతాయి, ఆగస్టు ముసురులో రెండు రోజులైనా ఓ రకమైన వాసన వేస్తాయి. మెడ మీద చెమటకాయలు, పెదవులు పగలడం, నీళ్లలో ఆడితే వేళ్లు ముడతలు పడటం కూడా వాళ్ల పాఠ్యాంశాలే.

వీటికి ప్రత్యేకంగా సమయం కేటాయించక్కర్లేదు. ‘మొన్న ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. ఈ వయసు పిల్లలు దానికి చెప్పే కారణాలు వింటే నవ్వొస్తుంది. నూనెకు జలుబు చేసిందంటారు. దిద్దక్కర్లేదు. గమనించారు, రెండు సంగతుల్ని కలిపారు. ఆ వయసుకు అది ఎక్కువే.

ఐదారేళ్లు వచ్చాక ఒక చెట్టును అప్పజెప్పండి. బడి ఆవరణలోదైనా, వీధి చివరిదైనా, అపార్టుమెంటు గోడ అవతలిదైనా సరే, రోజూ కంటపడేది కావాలి. నెలకోసారి అదే చెట్టు బొమ్మ గీయాలి. బొమ్మ బాగుండక్కర్లేదు. ఆకులున్నాయా, పూత ఉందా, కింద ఏం రాలింది, కొమ్మ మీద ఎవరు కూర్చున్నారు అన్నవి ఉంటే చాలు.

మామిడి అయితే ఏడాది పొడవునా కబుర్లే. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పూత. పూత మీద మంచు ఎక్కువ పడినా, మబ్బు పట్టినా తోట ఉన్నవాళ్లు ఎందుకు దిగులు పడతారో అడగమనండి. మార్చికి పిందెలు. గాలి వీచిన మర్నాడు కింద ఎన్ని రాలాయో ఏరి లెక్కపెట్టడం ఒకటో తరగతి లెక్కల పాఠం కూడా అవుతుంది. ఉగాది పచ్చడికి లేత కాయ, మే నాటికి ఆవకాయకు టెంక కట్టిన కాయ, ఆ తర్వాత పండు. రాగి రంగు చిగురు వేసినప్పుడు ఆ ఆకును ముదురు ఆకు పక్కన పెట్టి తాకిచూడమంటే, చిగురు ఎంత మెత్తగా వేలాడుతుందో తెలుస్తుంది.

వేప అయితే ఇంకా మంచిది, ఎందుకంటే చార్టు చెప్పే అబద్ధం దాని దగ్గర బయటపడుతుంది. చార్టులో ఆకులు రాలేది చలి ముందు. ఇక్కడ వేప ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, చలి వెళ్లిపోతూ ఎండ ముదిరేటప్పుడు. నల్లమల, ఆదిలాబాద్ అడవుల్లోనూ చాలా చెట్లకు దాదాపు అంతే. చల్లని దేశాల చెట్లు గడ్డకట్టే శీతకాలాన్ని తట్టుకోవడానికి ఆకులు వదిలేస్తాయి. మన అడవుల్లో చెట్లు వదిలేది నీటి కరవును తట్టుకోవడానికి. వానలు ఆగి నాలుగు నెలలై నేల ఎండిపోతుంటుంది, ఆకులుంటే వాటి గుండా నీరు ఆవిరైపోతుంది. పని ఒకటే, కారణం వేరు. పంచాంగం శిశిరాన్ని మాఘ ఫాల్గుణాల్లో పెట్టింది గదా, వేప చెట్టు ఆ లెక్కకు చక్కగా సరిపోతుంది. చార్టులోని నవంబరు ఆకురాలు కాలానికే మన దగ్గర సాక్షి లేదు. అదే ఫిబ్రవరి, మార్చిలో ఆకు ఒక్కటీ లేని మోదుగ చెట్టు నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. తెలంగాణ పల్లెల్లో హోలీ రంగు ఆ పూలదే. వాన వెనకపట్టే వేళకు బీళ్లన్నీ తంగేడు పసుపు, గునుగు తెలుపు. బతుకమ్మ పేర్చే అక్కతో పాటు పూలకు వెళ్లిన పిల్లకు శరత్తు గురించి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

పండ్లతోనూ ఏడాదిని గుర్తుపెట్టుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో తాటిముంజలు, తొలకరి వేళ ఈతపండ్లు, నేరేడుపండ్లు, దసరా అటూ ఇటూ సీతాఫలాలు, భోగినాటికి రేగుపండ్లు. సూపర్‌మార్కెట్‌లో యాపిల్ ఏడాదంతా దొరుకుతుంది, అందుకే ఋతువు పాఠానికి అది పనికిరాని పండు. తోపుడుబండి దగ్గరకు తీసుకెళ్లి ‘పోయినసారి వచ్చినప్పుడు ఉన్నదేది, ఇప్పుడు లేనిదేది?’ అని అడగడం మేలు.

పురుగుల్ని వదలకూడదు. తొలి వానల తర్వాత సాయంత్రం దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి, పొద్దునకి రెక్కలు మాత్రం గుట్టగా మిగులుతాయి. జూన్ నెలలో, తడిసిన ఎర్రనేల మీద మఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఆరుద్ర పురుగు నడుస్తుంది. ఏడాదిలో మిగతా కాలమంతా నేల లోపల ఉండి వాన తడికి బయటికొచ్చేది అది. పిల్లలు దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకోవాలని చూస్తారు. చేతిమీద నడిపించి మళ్లీ నేలమీద వదిలేయమనాలి. పురుగుమందుల వాడకం పెరిగిన చేలల్లో అది అరుదైపోయిందని పెద్దవాళ్లు అంటారు. మీ ఊళ్లో కనిపిస్తోందో లేదో పిల్లలతో కలిసి వెతకండి. చలికాలమైతే నేలపట్టు, పులికాట్ వైపు వెళ్లేవాళ్లకు పక్షులే పాఠం. గూడబాతులు నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచేది ఆ నెలల్లోనే. సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో పండుగ కూడా ఆ చలిరోజుల్లోనే.

ఏడాది పాఠం ఎక్కడ మొదలెట్టాలన్నది టీచర్లను ఇబ్బంది పెట్టే విషయం. పంచాంగ క్రమం వసంతంతో మొదలవుతుంది. ఉగాదికి బడి సంవత్సరం ముగింపుకొస్తుంది, ఏప్రిల్ చివర్లో సెలవులు, మళ్లీ బడి తెరిచేది జూన్ రెండో వారంలో. అంటే వేసవి ముదిరే రోజులు, తొలకరికి ముందు ఉక్కపోత, రెండూ బడి లేనప్పుడే వెళ్లిపోతాయి. కాబట్టి బడిలో పాఠం వానతో మొదలవడమే సహజం. వసంతంతోనే మొదలెట్టాలని శాస్త్రమేమీ లేదు. కాళిదాసు ఋతుసంహారం గ్రీష్మంతో మొదలై వసంతంతో ముగుస్తుంది. ఋతుచక్రాన్ని ఎక్కడ పట్టుకున్నా తిరిగి అక్కడికే వస్తాం. బడి విడిచిపెట్టిన ఆ నెలన్నర మాత్రం ఇంటివాళ్లు పూరించాలి.

వాన విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నైరుతి ఋతుపవనాలు మామూలుగా జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, ఆ తర్వాత వారం పది రోజుల్లో మన ప్రాంతాలకు చేరతాయి. తెలంగాణకు ఏడాదిలో పడే వానలో దాదాపు ఐదింట నాలుగు వంతులు వీటిదే. వరంగల్ పిల్లాడికి వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు అని చెబితే సరిపోయింది. నెల్లూరు పిల్లాడికి అదే చెబితే తన కళ్లను తానే నమ్మకూడదన్నమాట. అక్కడ ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య ఋతుపవనాలతో, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలతో కురుస్తుంది. నెల్లూరులో బడికి వానసెలవు ఇచ్చేది నవంబరులో. పాఠ్యపుస్తకం రెండు జిల్లాలకూ ఒకటే, ఆకాశం ఒకటి కాదు. ఈ తేడా టీచరు చెప్పకపోతే పుస్తకం చెప్పదు. తీరంలో ఉన్న కుటుంబాల్లో తాతయ్యను అడిగిస్తే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించో, విశాఖలో నాన్నను అడిగిస్తే 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను గురించో చెబుతారు. తుపానులు ఏ నెలల్లో ఎక్కువ వస్తాయో పిల్లలు ఆ తారీఖుల నుంచే పట్టుకుంటారు. మరీ చిన్నవాళ్లకు మాత్రం దివిసీమ కథ వద్దు, నిద్రపట్టదు.

వాన ఎందుకు వస్తుందని ఏడేళ్ల పిల్ల అడిగితే పొయ్యి మీద గిన్నె, మూత మీద నీటిబొట్లు చూపించేస్తాం. అది మబ్బు సంగతి చెబుతుంది గానీ, జూన్‌లోనే ఎందుకో చెప్పదు. దానికి ఇంకో ముక్క కలపాలి. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా గచ్చు మీద కాలు పెట్టి, తర్వాత బకెట్ నీళ్లలో పెడితే తేడా అరికాలికే తెలుస్తుంది. దేశమంతా ఆ గచ్చులా కాలిపోయినప్పుడు నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి సముద్రం మీది తడిగాలి లోపలికి వస్తుంది. ఋతుపవనాల కథ దీనికంటే చాలా పెద్దది. ఆ వయసుకు ఇది చాలు, ఇందులో తర్వాత చెరిపేయాల్సింది ఏమీ లేదు.

పండుగలతో ఋతువుల్ని ముడిపెట్టడం మనకు అలవాటైన పద్ధతి. మంచిదే, కానీ ఒకచోట జారుతుంది. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14న. పండుగ తేదీ ఎందుకు మారిందని ఎనిమిదేళ్ల పిల్ల అడుగుతుంది, అడగాలి కూడా. చంద్రుణ్ని బట్టి లెక్కించే పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులు. భూమి సూర్యుణ్ని చుట్టి రావడానికి పట్టేది 365 రోజుల పైన. ఏటా పదకొండు రోజుల తేడా. అలాగే వదిలేస్తే కొన్నేళ్లకు ఉగాది చలిలో వస్తుంది. అందుకే సుమారు 32, 33 నెలలకోసారి ఒక అధిక మాసం చేర్చి సర్దుతారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. దానివల్లే చవితి సెప్టెంబరు మధ్యకు జరిగింది.

కార్తెలకు ఈ గొడవ లేదు. అవి సూర్యుడి లెక్క, ఏటా దాదాపు అవే తారీఖులు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, రోళ్లు పగిలే ఎండలని సామెత. మృగశిర జూన్ 8 అటూ ఇటూ. ఆ రోజు హైదరాబాద్ చేపల మార్కెట్లు కిటకిటలాడతాయి. పైన చెప్పిన ఆరుద్ర పురుగుకు పేరిచ్చిన ఆరుద్ర కార్తె జూన్ 22 దగ్గర. పాఠ్యపుస్తకాలు కార్తెల్ని మూఢనమ్మకాల్లా పక్కన పెట్టాయని నాకొక ఫిర్యాదు. నక్షత్రాల ఫలితాలు చెప్పమని కాదు నేననేది. ఎండకూ వానకూ విత్తనానికీ రైతులు పెట్టుకున్న పదమూడు రోజుల కొలత అది, పొలమున్న ఇంటి పిల్లలకు బడి నేర్పే నెలల కంటే బాగా తెలిసిన క్యాలెండరు.

ఏడెనిమిదేళ్లకు పిల్లలు కొలవడానికి తయారవుతారు. అప్పుడు ఒక మీటరు కర్ర చాలు. చదునైన చోట నిటారుగా పాతి, మధ్యాహ్నం పన్నెండుకు అటూ ఇటూ అరగంట సేపు ఐదేసి నిమిషాలకు నీడ కొన దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. అన్నిటిలో పొట్టి నీడ ఆ రోజు లెక్క. నెలకు ఒకటి, 21వ తారీఖున అనుకోండి. సూర్యుణ్ని నేరుగా చూడొద్దని ప్రతిసారీ చెప్పాలి. నీడను చూసే ఆట కాబట్టి చూసే అవసరమూ ఉండదు.

హైదరాబాద్‌లో అయితే డిసెంబరు 21న ఆ నీడ 86 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. ఫిబ్రవరిలో 53. మార్చి 21న 31. ఏప్రిల్ 21న 10. మే 9 ప్రాంతంలో అసలు లేదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కర్ర నీడ కర్ర కిందే దాక్కుంటుంది. కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్నాం కనుక తెలుగు నేల మీద ప్రతి ఊరికీ ఏడాదిలో ఇలాంటి రోజులు రెండు. దక్షిణాన తిరుపతికి ఏప్రిల్ చివర్లోనే వస్తుంది, ఉత్తరాన ఆదిలాబాద్‌కు మే మూడో వారంలో. ఆ తర్వాత జరిగేది పిల్లల్నే కాదు, చాలామంది పెద్దల్నీ ఆశ్చర్యపరుస్తుంది. జూన్ 21న నీడ మళ్లీ పది సెంటీమీటర్లు ఉంటుంది, ఈసారి దక్షిణం వైపు. సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి వెళ్లాడు. ఆగస్టు మొదటి వారంలో నెత్తి మీదుగా తిరిగి వస్తాడు, మబ్బులుండి చాలాసార్లు ఆ రోజు మనకు చిక్కదు. మే నెల రోజు చిక్కుతుంది, బడి ఉండదు. సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో చేయాల్సిన పని ఇదే.

ఈ కొలతలు రాసుకున్న పిల్ల సంక్రాంతి రోజు ఒక పేచీ పెడుతుంది. ఉత్తరాయణం ఇవాళ మొదలైందంటారు, నా నీడ మాత్రం డిసెంబరు 22 నుంచే తగ్గుతోందే? ఆ పిల్లదే నిజం. సుమారు 1700 ఏళ్ల కిందట మకర సంక్రమణం, సూర్యుడి మలుపు ఒకే రోజు పడేవి. భూమి అక్షం చాలా మెల్లగా బొంగరంలా ఊగుతుంది, ఆ ఊగిసలాట వల్ల రెండూ మూడు వారాలకు పైగా విడిపోయాయి. పండుగకు వచ్చిన నష్టం లేదు.

ఇక కారణం. వేసవిలో ఎండ ఎందుకు ఎక్కువని పెద్దవాళ్లను అడిగితే, భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తుందని చాలామంది చెబుతారు. 1987లో అమెరికాలో ‘ఎ ప్రైవేట్ యూనివర్స్’ అనే చిన్న డాక్యుమెంటరీ తీశారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం పట్టాల పండుగ రోజున ఋతువులు ఎందుకు, చంద్రకళలు ఎందుకు అని అడిగితే 23 మందిలో 21 మంది సరిగా చెప్పలేకపోయారు. కాబట్టి మనకు తెలియకపోతే సిగ్గుపడక్కర్లేదు, పిల్లలకు తప్పు అంటించకపోతే చాలు. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఆ వారం లంబసింగిలో జనం చలిమంటలు వేసుకుంటారు. అన్నిటికంటే దూరం జులై మొదటి వారంలో, 15.2 కోట్ల కిలోమీటర్లు. తప్పుకు మూలం పుస్తకాల్లోని బొమ్మే. భూమి తిరిగే దారిని పక్కనుంచి చూసినట్టు కోడిగుడ్డు ఆకారంలో గీస్తారు. అసలు దారి దాదాపు గుండ్రం. ఆ బొమ్మ చూసిన ఎవరికైనా దగ్గర, దూరం అనే అనిపిస్తుంది.

నిజమైన కారణం భూమి 23.5 డిగ్రీలు ఒరిగి ఉండటం, ఏడాదంతా అదే వైపుకు ఒరిగి ఉండటం. దీన్ని తొమ్మిది పదేళ్ల లోపు చెప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం. చెప్పేటప్పుడు చీకటి గదిలో మధ్యన ఒక బల్బు, చేతిలో పుల్ల గుచ్చిన బత్తాయి. పుల్లను ఒకవైపు గోడకేసి ఒరిగించి పట్టుకుని, ఆ ఒరుగు మారకుండా బల్బు చుట్టూ నడవాలి. నడుస్తూ పుల్లను బల్బు వైపే తిప్పేయడం దాదాపు అందరూ చేస్తారు, అక్కడే అర్థం జారిపోతుంది. ఒకవైపు ఉన్నప్పుడు బత్తాయి పైభాగానికి వెలుతురు నేరుగా పడుతుంది, అవతలి వైపుకు వెళ్లినప్పుడు ఏటవాలుగా. టార్చిలైటును కాగితం మీద నిటారుగా వేసి చిన్న వలయం గీయండి, తర్వాత వాలుగా వేసి పెద్ద వలయం గీయండి. అదే వెలుగు ఎక్కువ చోటుకు పంచుకుంటే ఒక్కో చోటుకు తక్కువ వస్తుంది. పొడుగు నీడ, ఏటవాలు ఎండ, తక్కువ వేడి అని పిల్ల రాసుకున్న నీడల పట్టికే చూపిస్తుంది. పగటి నిడివి కూడా మారుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు పగలు 11 గంటలు, జూన్ పగలు 13 గంటల పావు దాకా.

మరి జూన్‌లో పగలు పొడుగు, నీడ కూడా పొట్టిదే అయినప్పుడు మే నెలే ఎందుకు ఎక్కువ మండుతుందని అడిగే పిల్ల ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఏప్రిల్ నుంచే సూర్యుడు దాదాపు నెత్తిన ఉంటాడు, నేల ఎండిపోయి ఉంటుంది, మబ్బు ఉండదు. జూన్ రెండో వారానికి మబ్బులు అడ్డం పడతాయి, తడినేల వేడిని ఆవిరి చేయడానికి ఖర్చుపెడుతుంది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల గడిపినవాళ్లకు ఈ తేడా ఎవరూ రుజువు చేయక్కర్లేదు.

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పెరిగే తెలుగు పిల్లలకు ఈ లెక్కంతా తలకిందులు. సంక్రాంతి నడివేసవిలో వస్తుంది, ఉగాదికి ఆకులు రాలే కాలం మొదలవుతుంది. ఉగాదంటే వసంతమని అమ్మ చెబుతుంది, కిటికీలోంచి చూస్తే చెట్టు ఆకులు వదులుతూ ఉంటుంది. ‘మన ఊళ్లో ఇప్పుడు వసంతం’ అని చెప్పి వదిలేయకుండా, ఇటు కజిన్‌కు ఒక మీటరు కర్ర, అటు కజిన్‌కు ఒక మీటరు కర్ర ఇప్పించండి. జూన్ 21న ఎవరి మధ్యాహ్నానికి వాళ్లు కొలిస్తే హైదరాబాద్‌లో పది సెంటీమీటర్లు, మెల్‌బోర్న్‌లో 180 పైన వస్తుంది, రెండూ దక్షిణం వైపే. డిసెంబరు 21న మళ్లీ కొలిస్తే ఇక్కడ 86, అక్కడ సుమారు 26, ఈసారి ఇక్కడి నీడ ఉత్తరానికి తిరిగి ఉంటుంది, అక్కడిది మాత్రం దక్షిణానికే ఉంటుంది. వీడియో కాల్‌లో ఇద్దరూ అంకెలు చూపించుకున్నాక, ఎందుకని ముందు వాళ్లనే చెప్పమనండి. బత్తాయి, పుల్ల దగ్గర పెట్టుకుని కూర్చోండి.